వెనక కూర్చునే మనిషిని అడగండి

అసలు పని

నేను మోటారు సైకిళ్ల మెకానిక్‌ని. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది లౌతోకాలో ఒక షెడ్డులో పనికి చేరాను. తర్వాత నమాకాలో సొంత షెడ్డు పెట్టుకున్నాను. మోకాళ్లు మొరాయించాక తాళం వేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లల కోసం ఏదైనా రాసిపెట్టమని మన తెలుగు సంఘంలో అడిగారు. ఇంజను విప్పడం, బిగించడం పుస్తకాల్లో ఉంది. ఇప్పుడు ఫోనులో కూడా చూపిస్తున్నారు. అవి నేను రాయను.

పుస్తకాల్లో లేని పని ఒకటుంది. ఒక మనిషి షెడ్డు గుమ్మంలో నిలబడి, "అప్పన్న భాయ్, పాత బండి ఒకటి చూశాను, తీసుకోనా?" అని అడుగుతాడు. అడిగేసరికే అతని మనసు ఆ బండెక్కి రాజధాని సువా దాకా వెళ్లి వచ్చేసి ఉంటుంది. ఆ మనిషికి ఏం చెప్పాలన్నదే మన అసలు పని. నలభై ఏళ్లలో నేను బాగుచేసిన బళ్లెన్నో నాకు గుర్తులేవు. ఎవరికి ఏ బండి కొనమన్నానో, ఎవరిని వద్దన్నానో మాత్రం దాదాపు అన్నీ గుర్తున్నాయి.

ఆదివారం తుడిచి, వీధి చివరిదాకా తిప్పి, మళ్లీ గుడ్డ కప్పేసే పాత బండి ఏదైనా ఫరవాలేదు. రోజూ పనికి తీసుకెళ్లాలి, ఏడాదికోసారి దూరం కూడా పోవాలి అంటే లెక్క వేరు. మనది దీవి. పిస్టను రింగు విరిగితే కొత్తది ఓడలో రావాలి. కనుక బండి చూడబోయే ముందు ఆ బండి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి. ట్యాంకు మూత తీసి లోపల టార్చి వేసి చూడండి, పైన ఎంత మంచి రంగున్నా తుప్పు లోపలే ఉంటుంది. చల్లగా ఉన్న ఇంజన్నే స్టార్టు చేయించండి. మీరు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉందంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడు. సముద్రపు గాలికి స్పోకులు తుప్పుపట్టి రిమ్ము దగ్గర విరుగుతాయి, ఒక్కోదాన్నీ స్పానరుతో తట్టి వినండి. మంచి స్పోకు మోగుతుంది.

ఇదంతా ఎవరైనా నేర్పిస్తారు. నేను ఇరవై ఏళ్లు పనిచేశాక కూడా నేర్చుకోనిది ఒకటుంది. అది నాకు సబేటోలో ఒక అక్క నేర్పింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బిల్లీ బాస్ వాలు

దానికి ముందు నా మొదటి బాసు గురించి చెప్పాలి. బిల్లీ బాస్ కైలోమా. నాన్న వైపు తెల్లవాళ్లు, అమ్మ వైపు ఫిజీవాళ్లు. మంచి బాసు అని చెప్పలేను. కోపం వస్తే చేతిలో ఉన్నది విసిరేవాడు. మెచ్చుకున్న పాపాన పోలేదు. కానీ బండినీ మనిషినీ జత చేయడంలో అతని మాట తప్పిపోగా నేను చూడలేదు.

అతని షెడ్డు ముందు వాకిలి రోడ్డు వైపు వాలుగా ఉండేది. ఎవరైనా బండి కొనడానికి వస్తే బిల్లీ ఇంజను స్టార్టు చేసి చూపించేవాడు కాదు. బండిని వాలు కిందికి దించి, "ఒక్కడివే దీన్ని వెనక్కి తోసుకుంటూ పైకి తీసుకురా" అనేవాడు. కొందరికి నవ్వొచ్చేది, కొందరికి కోపమొచ్చేది. చెమటలు కక్కుతూ సగంలో ఆగిపోయినవాడికి ఆ బండి అమ్మేవాడు కాదు.

"వెనక్కి తోయలేని బండిని ముందుకు తోలకూడదు" అని అతని సూత్రం.

రోడ్డు మీద పరుగెడుతున్నప్పుడు ఏ బండైనా తేలిగ్గానే ఉంటుంది. ఆగినప్పుడు తెలుస్తుంది దాని బరువు. బురదలో, మార్కెట్టు సందులో, గేటు ముందు, వెనక మనిషిని, సంచిని పెట్టుకుని ఆగినప్పుడు. నేను నా షెడ్డు పెట్టుకున్నాక వాలు లేకపోతే మట్టి పోయించి మరీ వాలు చేయించాను. అందరి చేతా తోయించాను, ఒక్కరి చేత తప్ప.

ఆకుపచ్చ ట్యాంకు

సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన మొదటి తిరుగుబాటు తర్వాత చాలామంది మనవాళ్లు ఆస్ట్రేలియాకూ న్యూజిలాండుకూ వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఇళ్లతో పాటు బళ్లూ వదిలేశారు. అలా నా షెడ్డుకు ఒక ఇంగ్లీషు బండి వచ్చింది. ఆరువందల యాభై సీసీ, రెండు సిలిండర్లు, ముదురాకుపచ్చ ట్యాంకు, పక్కన సన్నటి బంగారు గీత. దాని యజమాని ఆక్లండు పోతూ, "మంచి చెయ్యి చూసి ఇయ్యి" అని తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

దాన్ని నేను రెండు వానాకాలాలు విప్పి బిగించాను. కస్టమర్ల పని అయ్యాక రోజుకో గంట. ఆ గీత కూడా నేనే మళ్లీ గీశాను, ఊపిరి బిగబట్టి. ఇంజను మోగితే పక్క కొట్లోవాళ్లు చాయ్ కప్పులతో బయటికొచ్చి వినేవాళ్లు. ఒక మెకానిక్కి ఇంతకంటే చెడ్డ స్థితి లేదు. ప్రేమలో పడ్డవాడి దగ్గర సలహా అడగకూడదు.

సరిగ్గా అప్పుడు గంగయ్య మాస్టారు వచ్చారు. ఆయన సబేటోలో హెడ్మాస్టరుగా చేసి అప్పుడే రిటైరయ్యారు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పింది ఆయనే. శనివారాలు బడి వరండాలో తెలుగు అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఈ రాతంతా ఆయన చలవే. వెంట ఆయన భార్య నరసమ్మక్క ఉంది. నేను ఆమెకు నీడలో కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మాస్టారి దగ్గరికి వచ్చాను.

మాస్టారు గొంతు తగ్గించి చెప్పారు. "మీ అక్కకి సుగరు కళ్లకి కొట్టింది అప్పన్నా. లౌతోకా డాక్టరు చూపు ఇంకో ఏడాది అన్నాడు, ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు. చూపున్నప్పుడే ఒక్కసారి మన విటి లెవు దీవి చుట్టూ తిప్పి చూపించమంటది. మోటరు సైకిలు మీదే పోవాలంట."

"బస్సులో పోవచ్చు కదా మాస్టారూ?"

"నేనూ అదే అన్నా. ఇనదు. పెళ్లయిన కొత్తలో నాకొక బండి ఉండె కదా. బా ఊరి బడికి దాని మీదే పోయేవాణ్ణి. ఎనక ఆమె. ఇల్లు కట్టేటప్పుడు అమ్మేసినాం. ముప్పై ఏళ్లు నోరెత్తలే. ఇప్పుడడిగింది."

చెబుతూ చెబుతూ ఆయన ఆకుపచ్చ ట్యాంకు మీద చెయ్యి వేశారు. ఆయన పాత బండి కూడా ఇంగ్లీషుదే. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. ఆ కాళ్లకు అదే అలవాటు. ఎక్కి కూర్చున్నారు. ఆయన పొట్టి మనిషి. మునివేళ్లు నేలకు ఆనాయి, మడమలు ఆనలేదు.

నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. సీటులో నురుగు కాస్త తగ్గిస్తే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. వాలు కిందికి దించి, "మాస్టారూ, వెనక్కి తోయండి" అనడానికి నోరు రాలేదు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషిని నలుగురిలో చెమటలు కక్కమని ఎలా చెప్పను? ఆ మర్యాద ఒకటి, ఈ బండి మంచి ఇంటికి పోతోందన్న ఆశ ఒకటి, రెండూ కలిసి నా కళ్లు మూశాయి. సీటు తగ్గించి బండి ఇచ్చేశాను.

నరసమ్మక్క కుర్చీలోంచి లేచి వచ్చి వెనక ఎక్కింది.

పట్టాల దగ్గర

అది చెరకు కొట్టే కాలం. మూడో రోజో నాలుగో రోజో వాళ్లిద్దరూ సబేటో లోపలి రోడ్డులో అలవాటు కోసం తిరుగుతున్నారు. చెరకు రైలు పట్టాలు రోడ్డుకు అడ్డంగా పోయే చోట చిన్న ఎత్తు ఉంటుంది. రైలు వస్తుంటే మాస్టారు పట్టాలకు ఇవతల, ఆ ఎత్తు మీదే ఆగారు. బ్రేకు మీద ఎడమకాలు, కింద పెట్టడానికి కుడికాలు. కుడివైపు రోడ్డు పల్లంగా ఉంది, పైన గులకరాళ్లు. మునివేళ్లకు అందాల్సిన నేల ఆ రోజు అందలేదు. నూట తొంభై కిలోల బండి, వెనక మనిషితో సహా, నిలబడ్డ చోటనే నిదానంగా ఒరిగిపోయింది.

రైలు డ్రైవరు ఇంజను ఆపేసి, దూకి పరుగెత్తుకొచ్చి బండి లేపాడట. అక్క మణికట్టు విరిగింది. సైలెన్సరు తగిలి పిక్క కాలింది. మాస్టారికి ఏమీ కాలేదు. ఆయనకది దెబ్బ తగలడం కంటే బాధ.

మర్నాడు ఒక చెరకు లారీ నా షెడ్డు ముందు ఆగింది. పైన తాళ్లతో కట్టి ఆకుపచ్చ బండి. డ్రైవరు పక్కనుంచి మాస్టారు దిగారు. జరిగింది చెప్పి, నా వంక చూడలేక ట్యాంకు వంక చూస్తూ, "గీత మీద గోకుడు పడింది అప్పన్నా. నువ్వెంత కష్టపడి చేసుకున్నావో. మాఫ్ కరో" అన్నారు.

నా గురువు నన్ను క్షమాపణ అడిగారు, నేను చేసిన తప్పుకు. ఈ పనిలో నా మీద చాలామంది అరిచారు. బిల్లీ స్పానరు విసిరితే నుదుటి మీద పడ్డ మచ్చ ఇంకా ఉంది. వాటిలో ఏదీ ఈ మాటలా తగల్లేదు.

ఆరు హప్తాలు

ఆ సాయంత్రమే సబేటో వెళ్లాను. అక్క వరండాలో చాప మీద కూర్చుంది, చేతికి ఆరు వారాల కట్టు. నేను ముందుగా తయారు చేసుకున్న మాటలన్నీ గేటు దగ్గరే పోయాయి.

"అక్కా, తప్పు నాది."

"తెలుసు" అంది. నేను ఆ మాట ఊహించలేదు. "సగం ఆయనది, సగం నీది. కూసో."

కూర్చున్నాను.

"కట్టు ఆరు హప్తాలుంచాలంట. ఆరు హప్తాలంటే నా కళ్లకి ఎంతో తెలుసునా నీకు? ఇప్పుడు నిన్ను సూస్తే నీ మొగం నడుమ మబ్బు. చెవులు కనపడతన్నాయి, బస్." నేను తల దించుకున్నాను. ఆమె నవ్వింది. "నీ చెవులు శానా పెద్దవి అప్పన్నా. ఇంత పెద్ద చెవులున్నోడివి, నన్నొక్క మాట అడిగినావా?"

"ఏమడగాలక్కా?"

"అట్ల అడుగు. కుర్సీ ఏసినావు, చాయ్ ఇచ్చినావు. ఎనక కూసుండేది ఎవరు? నేనే కదా. ఆ కాళ్లు పెట్టుకునేది ఎంత పైన పెట్టినాడు ఆ ఇంగ్లీషోడు! మోకాళ్లు నా గడ్డానికి తగిలినాయి. సీటేమో ముందుకి జారతది. అది సరే, ఓర్చుకుంటా. ఆ చప్పుడు! ఆయన ఏందో చెప్తానే ఉన్నాడు, తల తిప్పి తిప్పి చెప్తన్నాడు. ఒక్క ముక్క ఇనపడలే. కళ్లు పోయేదాన్ని ఎక్కించుకుని చెవులు కూడా మూసేస్తే, ఇంక నేను యాడికి పోయినట్టు?"

లోపల మాస్టారు చాయ్ పెడుతున్న చప్పుడు ఆగిపోయింది.

నడుమ కనపడకపోయినా ఆమెకు అంచులు కనపడతాయి. బస్సులో కూర్చుంటే ఒక పక్క కిటికీయే. బండి మీదైతే రెండు పక్కలా ఆకాశం, చెట్లు, సముద్రం. నడుమ ఏముందో ఆయన చెప్పాలి. ఇద్దరూ కలిసి చూడాలని ఆమె లెక్క వేసుకుంది. ఆ లెక్క ఆమె ఆయనకు కూడా విడమరిచి చెప్పలేదు, నేను అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఎందరో భార్యాభర్తలకు బళ్లు చూసి పెట్టాను. వెనక సీటులో కూర్చునే మనిషిని ఒక్కసారీ ఒక్క ప్రశ్నా వేయలేదు. ఇది ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది.

"కట్టు విప్పేలోగా సరైన బండి ఎతుకుతానక్కా" అన్నాను.

"ఎతుకు. కానీ నేను కూసోకుండా ఏదీ కొనొద్దు. పక్కా?"

"పక్కా."

మాస్టారి పరీక్ష

ఆరు వారాలు దొరికినవారినల్లా అడిగాను. కట్టు విప్పాక ఒక్కో ఆదివారం ఒక్కో బండిని ఎరువు తెచ్చుకుని సబేటోకు తీసుకెళ్లాను. ఈసారి మొదటి పని బండిని వాళ్ల ఇంటి పల్లంలోకి దించడమే.

"మాస్టారూ, వెనక్కి తోసుకుంటూ పైకి తీసుకురండి."

ఆయన నా వంక చూసి నవ్వారు. "ఎన్నేళ్లు మిమ్మల్ని బెంచీ ఎక్కించినా! ఇప్పుడు నీ వంతు."

మొదటి ఆదివారం తెచ్చిందీ ఇంగ్లీషు బండే. ఒకే సిలిండరు, ఐదువందల సీసీ. తేలికైనది, మాస్టారు సులువుగానే తోశారు. రెండో పరీక్ష నేను కొత్తగా పెట్టాను. రోడ్డు చివరిదాకా వెళ్లి రావాలి. దారిలో మాస్టారు కనపడినవన్నీ చెప్పాలి. తిరిగొచ్చాక అక్క నాకు ఒప్పజెప్పాలి.

వచ్చారు. "ఏమన్నారక్కా?"

"ఏందో 'రం' అన్నాడు."

"గుర్రం" అన్నారు మాస్టారు నీరసంగా. "గుర్రం, దాని ఎనక పిల్ల, ఎర్ర గొడుగు... అంతా చెప్పినా."

"నాకు 'రం' వచ్చింది. పాదాలు తిమ్మిరెక్కినాయి. ఇది వద్దు."

రెండో ఆదివారం జపాను బండి, నాలుగు సిలిండర్లు, ఏడువందల యాభై. మెత్తగా పోతుంది, మాట చక్కగా వినపడుతుంది. కానీ మాస్టారు దాన్ని పల్లంలోంచి మూడడుగులు కూడా తోయలేకపోయారు. అక్క వెనక ఎక్కకుండానే, "నాకు ఇంకో చెయ్యి కూడా ఇరగ్గొట్టొద్దు" అంది. నేను దాన్ని తీసుకెళ్లిపోయాను.

ఆ రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ప్రతి ఆదివారం ఆమె నా మొహం వైపు తిరిగే కోణం కొద్దిగా మారుతూ ఉండేది. నన్ను చూడాలంటే మరికాస్త పక్కకు చూడాల్సి వచ్చేది.

తవువాలో సెమి

తవువాలో సెమి అని ఒక ఫిజీ పెద్దాయన. బంగారు గనిలో ఫిట్టరుగా చేసి మానేశాడు. అతని దగ్గర జపాను బండి ఒకటి ఉందని ఒక బస్సు డ్రైవరు చెప్పాడు. మూడువందల యాభై సీసీ, రెండు సిలిండర్లు, బూడిద రంగు. చూడ్డానికి అందులో ఏమీ లేదు. షెడ్డులో నిలబెడితే ఎవరూ చాయ్ కప్పుతో బయటికి రారు. కానీ బటన్ నొక్కితే స్టార్టు అవుతుంది, విడిభాగాలు లౌతోకాలోనే దొరుకుతాయి, సీటు తక్కువ ఎత్తు. సెమి దాన్ని ఇరవై ఏళ్లు రోజూ గనికి తోలాడు. రోజూ తిరిగిన బండి ఎప్పుడూ మూలన నిలబెట్టిన బండి కంటే నయం. ఇది రాసి పెట్టుకోండి.

ముగ్గురం బస్సులో తవువా వెళ్లాం. సెమి మాస్టారితో చేయి కలిపి, అతిథులకిచ్చే యంగోనా వేరు పానీయం కలిపి తలా ఒక కొబ్బరి చిప్ప ఇచ్చాడు. తర్వాత బండిని నీడలోకి తెచ్చి, మాస్టారిని దాటుకుని నరసమ్మక్క దగ్గరికి వెళ్లాడు. అక్కడివాళ్లందరిలాగే అతనికీ హిందీ బాగా వచ్చు.

"దీదీ, పహిలే తుమ్ బైఠో."

అక్క అతని వైపు చెవి తిప్పింది. "నన్నెందుకు మొదట కూర్చోమంటున్నావు?" అని హిందీలోనే అడిగింది.

"హమార్ ఔరత్ హియాఁ బైఠత్ రహా" అన్నాడు సెమి, వెనక సీటు తట్టి. అతని భార్య అక్కడ కూర్చునేదట. పోయి మూడేళ్లయింది. బండి ఎక్కడ ఆగాలో, ఎంత వేగం పోవాలో, ఎప్పుడు చైను బిగించాలో అన్నీ అక్కడినుంచే చెప్పేదట. నాకు ఇరవై ఏళ్లకు తట్టనిది ఆ పెద్దాయనకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

అక్క ఎక్కి కూర్చుంది. పాదాలతో ఫుట్‌రెస్టులు వెతుక్కుంది, చేత్తో వెనక కమ్మీ పట్టుకుని ఊపి చూసింది. సైలెన్సరు ఎంత దూరంలో ఉందో చెప్పులు విప్పి కాలితో తడిమి కనుక్కుంది. "ఈ కాళ్లు పెట్టుకునేవి రెండు ఏళ్ల మందం కిందికి దించాలి" అంది నాతో, రెండు వేళ్లు చూపించి. తర్వాత మాస్టారు బండిని సెమి వాకిట్లో వెనక్కి తోశారు. ఆయాసం రాలేదు. మడమలు నేలకు పూర్తిగా ఆనాయి, రెండుసార్లు వంగి చూశాను.

ఇద్దరూ చర్చి దాకా వెళ్లి వచ్చారు. మేం ఎదురు చూస్తూ నిలబడ్డాం. అక్క దిగకుండానే ఒప్పజెప్పింది.

"నల్లావు, మెడలో తాడు లేదు. నీళ్ల ట్యాంకు మీద పిల్లి. చర్చి తలుపుకి కొత్త రంగేసినారు. ఒక ముసలామె తవియోకా గడ్డలు తవ్వుతూ చెయ్యూపింది, మేమూ ఊపినాం. ఇంకా..." ఆగింది.

"ఇంకా ఏమన్నారక్కా?"

"అది నీకు చెప్పేది కాదు."

మాస్టారు హెల్మెట్ తీయకుండా అటు తిరిగి నిలబడ్డారు. సెమి నా భుజం మీద చెయ్యి వేసి, "అప్పన్నా, బండి పోయింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత ఒక్కడే బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచి, తాళం చెవి అక్క చేతిలో పెట్టాడు.

పదకొండు రోజులు

ఆ బండి వాళ్ల దగ్గర చాలా ఏళ్లుంది. మార్కెట్టుకు, ఆసుపత్రికి, పెళ్లిళ్లకు అదే. ఆకుపచ్చ బండి బా ఊరికి చెందిన ఒక పొడుగాటి మనిషికి ఇచ్చాను. వాలు మీద నవ్వుతూ తోశాడు. అతని భార్యను కూడా ఎక్కించి అడిగాను. ఆమె ఆశ్చర్యపోయి, "నన్నా?" అంది. ఆ తర్వాత నేనెవరికి బండి చూసినా ఈ ప్రశ్న మానలేదు. ఒంటరిగా తిరిగేవాడైతే, "ఎవరినైనా ఎక్కించుకుంటావా?" అని అడిగేవాణ్ణి. జవాబును బట్టి బండి మారిపోయేది.

ప్రయాణానికి ముందు బండిని నా షెడ్డులో పది రోజులుంచుకున్నాను. దూరం పోయే పాత బండికి ఏం చేయాలో చెబుతాను. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు షూలు ఎంత బాగున్నా కొత్తవి వేయండి. క్లచ్ కేబులు పక్కనే కొత్త కేబులు ఒకటి పరిచి కట్టేయండి, తెగిన చోటే మార్చుకోవచ్చు. బరువంతా తక్కువ ఎత్తులో కట్టండి. ఫుట్‌రెస్టులకు కొత్త బ్రాకెట్లు వెల్డింగు చేసి రెండు వేళ్ల మందం కిందికి దించాను. వెనక కమ్మీకి గుడ్డ చుట్టాను, విరిగి అతికిన మణికట్టుకు నొప్పి పుట్టకుండా. రంగు జోలికి పోలేదు.

నాండి మీదుగా దక్షిణం వైపు బయల్దేరారు. సింగటోకా, సువా, అక్కడినుంచి కింగ్స్ రోడ్డు మీద తూర్పు చుట్టి రాకిరాకి, తవువా, బా, ఇల్లు. ఆరు రోజులని చెప్పారు. ఏడో రోజుకు రాలేదు. సువా అవతల కోరోవు ఊరు దాటాక అప్పట్లో రోడ్డంతా కంకర. నేను పనిలో ఉన్నానే గానీ చెవులు టెలిఫోను దగ్గరే ఉన్నాయి.

ఎనిమిదో రోజు మోగింది. కోరోవులో ఒక కొట్టునుంచి మాస్టారు. గొంతు బొంగురుగా ఉంది, సగం మాటలే వినపడ్డాయి. కేబులు తెగిందట. కళ్లజోడు వానకు మసకబారి, కేబులు చివరి గుండు ఎక్కడ దూర్చాలో ఆయనకు కనపడలేదట.

"మరేం చేశారు మాస్టారూ?"

"మీ అక్క దూర్చింది. ఏళ్లతో తడిమి. ఒక్క నిమిషం పట్టలే."

అవతలినుంచి అక్క గొంతు: "అప్పన్నా! మేం ఇంకా నిదానంగా వస్తాం. జల్దీ లేదు."

పదకొండో రోజు మధ్యాహ్నం బండి నా షెడ్డు ముందు ఆగింది. ఇద్దరూ కంకర దుమ్ముతో బూడిద రంగులో ఉన్నారు, బండి లాగే. మాస్టారు దిగి, నోరు తెరిచి, ఏదో అనబోయారు. గాలి తప్ప ఏమీ రాలేదు. పదకొండు రోజులు ఆపకుండా మాట్లాడి గొంతు పోయింది. నన్ను చూసి చేతులు తిప్పి నవ్వారు.

రెండు కుర్చీలు పక్కపక్కన వేశాను. చెప్పింది నరసమ్మక్కే. సముద్రం మీద వాన నడిచి రావడం చెప్పింది. సువాలో జనం చెప్పింది. కొండల్లో గేదె ఒకటి రోడ్డుకు అడ్డంగా పడుకుంటే గంటసేపు దాని ఎదురుగా కూర్చుని రొట్టె తిన్నది చెప్పింది. వాటిలో ఏవి ఆమె కంటి అంచులతో చూసిందో, ఏవి ఆయన చెప్పగా విన్నదో నాకు తెలియలేదు. చెప్పే తీరులో తేడా లేదు. నేనూ అడగలేదు.

"రాకిరాకి దగ్గర నది మీద పడవ" అంది. "పచ్చ పడవ. అందులో ఇద్దరు పిల్లలు."

మాస్టారు ఆమె మోకాలి మీద తట్టి, గొంతు పెకలించుకుని, "నీలం" అన్నారు.

"నాకు పచ్చగానే కనపడింది" అంది నరసమ్మక్క.

మాస్టారు కళ్లజోడు తీసి దుమ్ము తుడుచుకున్నారు.

"అయితే పచ్చదే" అన్నారు.